సి7000 ఛాసిస్ నుంచి రెండు నెక్సస్ స్విచ్‌లకు లింకులు: నేరుగా ఇవ్వాలా, పంచి ఇవ్వాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ దగ్గర ఒక హెచ్‌పీ సి7000 ఛాసిస్, అంటే చాలా సర్వర్లను ఒకేచోట అమర్చే పెట్టె ఉంది. అందులో 16 హాఫ్-హైట్ బ్లేడ్లు (పలకల్లాంటి సన్నని సర్వర్లు), అన్నింటిమీదా ఈఎస్ఎక్స్ఐ (ఒక సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్). వెనకవైపు బే 1, బే 2లలో వర్చువల్ కనెక్ట్ ఫ్లెక్స్-10/10డి మాడ్యూళ్ళు (బ్లేడ్లను బయటి నెట్‌వర్క్‌కు కలిపేవి), బే 3, బే 4లలో ఫైబర్ ఛానల్ మాడ్యూళ్ళు (స్టోరేజీకి కలిపేవి) ఉన్నాయి. పైన రెండు నెక్సస్ 5548లు (సిస్కో స్విచ్‌లు). ఒక్కో మాడ్యూలుకు నాలుగేసి 10 గిగాబిట్ అప్‌లింకులు (మాడ్యూలు నుంచి పై స్విచ్‌కు వెళ్ళే లింకులు) ఇవ్వగలరు. మాడ్యూల్ 1 నుంచి నాలుగూ మొదటి నెక్సస్‌కు, మాడ్యూల్ 2 నుంచి నాలుగూ రెండో నెక్సస్‌కు నేరుగా ఇవ్వాలా, లేక ప్రతి మాడ్యూలు నుంచి రెండేసి చొప్పున రెండు స్విచ్‌లకూ పంచాలా అని అడిగారు. బ్లేడ్ మీది రెండు నిక్‌లను (నెట్‌వర్క్ పోర్టులను) ఎల్ఏసీపీతో, అంటే చాలా లింకులను ఒకే కట్టగా చేసే ప్రోటోకాల్‌తో కట్టవచ్చా అన్నది రెండో ప్రశ్న. ఎనిమిది కేబుళ్ళూ బిగించి, ఎనిమిదింటికీ పచ్చ దీపం వెలిగినా, నాలుగు పోర్టులు ‘లింక్డ్-స్టాండ్‌బై’ (లింకు ఉంది, వాడకంలో లేదు) అనే చూపిస్తున్నాయి, ఎందుకన్నది మూడోది.

ముందు పొడి సమాధానాలు. నెక్సస్‌ల మీద వీపీసీ (రెండు స్విచ్‌లకు వెళ్ళే లింకులను ఒకే కట్టగా నడిపే ఏర్పాటు) ఉంది కాబట్టి పంచండి. బ్లేడ్ వైపు ఎల్ఏసీపీ వద్దు, అది ఈ మాడ్యూళ్ళ మీద పని చేయదు. ఎనిమిది అప్‌లింకులనూ ఒకే షేర్డ్ అప్‌లింక్ సెట్‌లో (చాలా నెట్‌వర్క్‌లు కలిసి వాడుకునే అప్‌లింకుల గుంపులో) పెట్టారు కాబట్టి నాలుగు ఖాళీగా కూర్చున్నాయి. అయితే మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది: పైన లింకు పోతే ఆ సంగతి బ్లేడ్‌కు ఎలా తెలుస్తుంది? నా దృష్టిలో అసలు సంగతి అదే, కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

రాక్ సర్వర్ వెనక నుంచి రెండు కేబుళ్ళు బయలుదేరి నేరుగా రెండు స్విచ్‌లకు వెళ్తాయి. ఒక స్విచ్ ఆగిపోతే ఆ కేబుల్ చివర ఉన్న నిక్‌కు లింక్ పోయిందని వెంటనే తెలుస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ రెండో నిక్ మీదికి మారిపోతుంది. బ్లేడ్‌కు అసలు కేబులే లేదు. దాని మొదటి పోర్టు ఛాసిస్ మధ్యలో ఉన్న మిడ్‌ప్లేన్ బోర్డు గుండా బే 1కి, రెండో పోర్టు బే 2కి వెళ్తాయి, ఆ దారిని మనం మార్చలేము. బే 1లోని మాడ్యూలుకు కరెంటు ఉండి, అది బాగానే ఉన్నంతవరకు బ్లేడ్ నిక్‌కు లింక్ కనిపిస్తూనే ఉంటుంది. ఆ మాడ్యూలు నుంచి పైకి వెళ్ళే నాలుగు కేబుళ్ళూ ఊడదీసినా బ్లేడ్‌కు ఆ వార్త అందదు. అది ప్యాకెట్లను మాడ్యూలుకు పంపుతూనే ఉంటుంది, మాడ్యూలు వాటిని పారేస్తూనే ఉంటుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట, శనివారం రాత్రి మొదటి స్విచ్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి రీలోడ్ కొట్టాము. రెండు మాడ్యూళ్ళు, రెండు స్విచ్‌లు, అన్నీ జంటలే కాబట్టి ఎవరికీ ఏమీ తెలియకూడదు. రెండు నిమిషాల్లో సగానికి సగం వర్చువల్ మెషీన్లు పింగ్‌కు పలకడం మానేశాయి. ఈఎస్ఎక్స్ఐ తెర మీద చూస్తే రెండు నిక్‌లూ ‘అప్’, వేగం 10000, ఫుల్ డూప్లెక్స్. అంతా బాగుందని చెప్తున్న ఆ తెరను నమ్మి మేము ఫైర్‌వాల్‌ను, గేట్‌వేను వెతుక్కుంటూ పోయాము. చివరికి ఒక సహోద్యోగి ఒక బ్లేడ్ కన్సోల్‌లోకి వెళ్ళి మొదటి నిక్‌ను చేత్తో డౌన్ చేశాడు, ఆ బ్లేడ్ మీది మెషీన్లన్నీ మరుక్షణం తిరిగొచ్చాయి. వర్చువల్ కనెక్ట్ డొమైన్‌లో ఒక్క నెట్‌వర్క్‌కు కూడా స్మార్ట్ లింక్ టిక్ పెట్టలేదని అప్పుడు గానీ తేలలేదు.

స్మార్ట్ లింక్ చేసే పని ఒక్కటే. ఒక నెట్‌వర్క్‌కు ఉన్న అప్‌లింకులన్నీ పోయినప్పుడు, ఆ నెట్‌వర్క్‌కు కట్టిన బ్లేడ్ పోర్టుల లింకును మాడ్యూలే కావాలని పడగొడుతుంది, అంటే పైన జరిగినదాన్ని కిందికి చేరవేస్తుంది. సిస్కో బ్లేడ్ స్విచ్‌లలో దీన్నే లింక్ స్టేట్ ట్రాకింగ్ అంటారు, డెల్ స్విచ్‌లలో అప్‌లింక్ ఫెయిల్యూర్ డిటెక్షన్ అంటారు. పేరేదైనా, బ్లేడ్ ఛాసిస్ కొన్న ప్రతి చోటా మొదట వెతకవలసిన అమరిక ఇదే. వర్చువల్ కనెక్ట్‌లో ఇది నెట్‌వర్క్ నెట్‌వర్క్‌కూ విడిగా ఉండే టిక్, కాబట్టి ఒకే బ్లేడ్ పోర్టు మీద పది వీలాన్లు (ఒకే లింకు మీద వేరువేరుగా నడిచే నెట్‌వర్క్‌లు) వెళ్తుంటే పదింటికీ పెట్టండి. ఆరు నెలల తర్వాత పదకొండోది చేర్చేవారు మరిచిపోకుండా మీ చెక్‌లిస్టులో రాసిపెట్టండి.

దీనికి ఒక మెలిక ఉంది. ఫ్లెక్స్-10లో ఒక భౌతిక 10 గిగాబిట్ పోర్టును నాలుగు ఫ్లెక్స్‌నిక్‌లుగా విడగొట్టవచ్చు. వాటిలో ఒక్కదాని నెట్‌వర్క్ మాత్రమే పోతే మొత్తం భౌతిక లింకును పడగొట్టడం కుదరదు, మిగతా మూడూ దానిమీదే నడుస్తుంటాయి. అందుకని మాడ్యూలు ‘ఈ ఒక్క ఫ్లెక్స్‌నిక్ డౌన్’ అని నిక్ ఫర్మ్‌వేర్‌కు ఒక ప్రత్యేక మార్గంలో, డివైస్ కంట్రోల్ ఛానల్ అనే దానిద్వారా చెప్తుంది. నిక్ ఫర్మ్‌వేర్, ఈఎస్ఎక్స్ఐ డ్రైవర్, వర్చువల్ కనెక్ట్ ఫర్మ్‌వేర్ మూడూ ఒకదానికొకటి పొసిగే వెర్షన్లలో ఉంటేనే ఆ మాట చేరుతుంది. పొసగకపోతే టిక్ ఉంటుంది, ఫలితం ఉండదు, ఏ లాగ్‌లోనూ ఫిర్యాదు కనిపించకపోవచ్చు. కాబట్టి హెచ్‌పీ వారి పొంతన పట్టిక చూసి మూడింటినీ ఒకే విడతలో అప్‌డేట్ చేయండి. అవకాశం ఉంది కదా అని నాలుగు ఫ్లెక్స్‌నిక్‌లుగా చీల్చడం కూడా నాకు నచ్చదు. ఒక్కో పోర్టుకు ఒకటి, మహా అయితే రెండు చాలు, వీలాన్లతోనే వేరు చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, స్టాండ్‌బై పోర్టుల సంగతి. వర్చువల్ కనెక్ట్ స్పానింగ్ ట్రీలో (ప్యాకెట్లు లూపుల్లో తిరగకుండా స్విచ్‌లు వాడే ప్రోటోకాల్‌లో) పాల్గొనదు. లూపు రాకుండా ఉండటానికి అది వేరే నియమం పెట్టుకుంది. ఒక అప్‌లింక్ సెట్‌కు ఒక సమయంలో ఒకే దారి తెరిచి ఉంచుతుంది, ఆ దారి ఒక ఎల్ఏసీపీ కట్ట కావచ్చు, కానీ సి7000లో ఆ కట్టలోని పోర్టులన్నీ ఒకే మాడ్యూలువి అయి ఉండాలి. మీరు రెండు మాడ్యూళ్ళ ఎనిమిది పోర్టులనూ ఒకే సెట్‌లో వేశారు. అది వాటిని రెండు కట్టలుగా చేసి, ఒకదాన్ని నడిపి, రెండోదాన్ని స్టాండ్‌బైలో పెట్టింది. అప్పుడు మాడ్యూల్ 2 కింద ఉన్న బ్లేడ్ పోర్టుల ట్రాఫిక్ కూడా రెండు మాడ్యూళ్ళ మధ్య ఛాసిస్ లోపలే ఉండే అడ్డ లింకుల గుండా మాడ్యూల్ 1కి వచ్చి బయటికి వెళ్తుంది. ఇది తప్పు కాదు, కొందరు కావాలనే ఇలా పెట్టుకుంటారు, ఎందుకంటే నెట్‌వర్క్ పేర్లు సగమే ఉంటాయి, ఒకే ఛాసిస్‌లోని బ్లేడ్ల మధ్య మాటలు లోపలే ముగుస్తాయి. కానీ మీరు డబ్బు పెట్టి కొన్న 80 గిగాబిట్లలో 40 మాత్రమే వాడుతున్నారు.

రెండువైపులా నడవాలంటే రెండు సెట్లు చేయండి. ‘ఎ’ సెట్‌లో మాడ్యూల్ 1 అప్‌లింకులు మాత్రమే, ‘బి’ సెట్‌లో మాడ్యూల్ 2 అప్‌లింకులు మాత్రమే ఉండాలి. ప్రతి వీలాన్‌నూ రెండింటిలోనూ రెండు పేర్లతో సృష్టించాలి, ఉదాహరణకు వీలాన్ 120కి ‘ప్రొడ్-120-ఎ’, ‘ప్రొడ్-120-బి’. సర్వర్ ప్రొఫైల్‌లో మొదటి నిక్‌కు ‘ఎ’ పేర్లన్నీ, రెండో నిక్‌కు ‘బి’ పేర్లన్నీ ఇవ్వాలి. ఈ పద్ధతిలో మాడ్యూల్ మారడమనే బాధ్యత వర్చువల్ కనెక్ట్ నుంచి ఈఎస్ఎక్స్ఐ చేతికి వస్తుంది, అందుకే పైన చెప్పిన స్మార్ట్ లింక్ లేకుండా ఈ పద్ధతి నడపడం ప్రమాదం. కొత్త వీలాన్‌ను ‘ఎ’లో చేర్చి ‘బి’లో మరిచిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ఎ వైపు బాగున్నన్నాళ్ళు ఎవరికీ తెలియదు. ఒకరోజు ఎ వైపు ఆగినప్పుడు, ఆ ఒక్క వీలాన్‌లోని మెషీన్లే మాయమవుతాయి, మిగతావి పలుకుతుంటాయి. అటువంటి పాక్షిక అంతరాయాన్ని పట్టుకోవడం మొత్తం ఆగిపోయినదాన్ని పట్టుకోవడం కన్నా కష్టం.

ఇక నేరుగానా, పంచియా అన్న ప్రశ్న. నేరుగా ఇచ్చినా పని జరుగుతుంది. మొదటి నెక్సస్ ఆగితే మాడ్యూల్ 1 అప్‌లింకులన్నీ పోతాయి, స్మార్ట్ లింక్ 16 బ్లేడ్ల మొదటి నిక్‌లను పడగొడుతుంది, అందరూ రెండో నిక్‌కు మారతారు. కానీ స్విచ్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ 16 హోస్టులూ ఒకేసారి పక్క మార్చవలసి వస్తుంది. పంచి ఇస్తే, మొదటి నెక్సస్ ఆగినా మాడ్యూల్ 1కి రెండో నెక్సస్ వైపు రెండు లింకులు మిగిలే ఉంటాయి. కట్ట నాలుగు నుంచి రెండుకు తగ్గుతుంది గానీ, బ్లేడ్లకు ఆ సంగతే తెలియనక్కరలేదు. లోపం ఎంత కింద కనిపిస్తే అంత ఎక్కువమంది కదలాలి, అందుకే దాన్ని పైనే సర్దుబాటు చేయగల ఏర్పాటు వైపే నా మొగ్గు.

దీనికన్నా బలమైన కారణం వీపీసీలోనే ఉంది. రెండు నెక్సస్‌లను జంటగా కలిపే పీర్ లింక్ తెగి, అవతలి స్విచ్ బతికుందో లేదో చూసే కీప్-అలైవ్ మాత్రం బతికి ఉంటే, సెకండరీగా ఉన్న స్విచ్ తన వీపీసీ పోర్టులన్నింటినీ తానే మూసేస్తుంది. రెండు స్విచ్‌లూ దేనికదే పెద్దరికం చేయకుండా ఆ నియమం పెట్టారు. మీ కేబుళ్ళు పంచి ఉంటే ప్రతి మాడ్యూలుకూ ప్రైమరీ వైపు రెండేసి లింకులు మిగులుతాయి, పని నడుస్తుంది. నేరుగా ఇచ్చి ఉంటే మాడ్యూల్ 2 లింకులు వీపీసీలో భాగం కావు, అవి ‘అనాథ’ పోర్టులు, సిస్కో భాషలో ఆర్ఫన్ పోర్టులు. సెకండరీ స్విచ్ వాటిని మూయదు. అవి పచ్చగా వెలుగుతూనే ఉంటాయి, స్మార్ట్ లింక్‌కు కూడా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ స్విచ్ నుంచి బయటికి దారి మూసుకుపోయి ఉంటుంది. మా శనివారం రాత్రి కథే ఒక మెట్టు పైన పునరావృతమవుతుంది. ఏ కారణం చేతనైనా నేరుగానే ఇవ్వవలసివస్తే, ఆ పోర్టుల మీద ‘వీపీసీ ఆర్ఫన్-పోర్ట్ సస్పెండ్’ ఆదేశం తప్పనిసరిగా పెట్టండి. అలాగే కీప్-అలైవ్‌ను పీర్ లింక్ మీదుగా ఎప్పుడూ నడపకండి, మేనేజ్‌మెంట్ పోర్టుల నుంచి వేరే స్విచ్ గుండా నడపండి.

సిస్కో యూసీఎస్ (సిస్కో వారి బ్లేడ్ సర్వర్లు) అనుభవంతో వచ్చినవారు ‘కేబుళ్ళు అడ్డంగా వేయకూడదు’ అని మీకు చెప్పవచ్చు. వారి ఛాసిస్ విషయంలో అది నిజమే. అక్కడ ఒక ఐఓఎం (ఛాసిస్ వెనకి మాడ్యూలు) లింకులన్నీ ఒకే ఫాబ్రిక్ ఇంటర్‌కనెక్ట్‌కు (ఛాసిస్ పైన ఉండే స్విచ్‌కు) వెళ్ళాలి, పంచడమన్నది ఇంటర్‌కనెక్ట్‌ల పైన, నెక్సస్‌ల వైపు జరుగుతుంది. ఆ నియమాన్ని ఇక్కడికి మోసుకురానవసరం లేదు.

నెక్సస్ వైపు ఇలా చేయండి. మాడ్యూల్ 1 నాలుగు లింకులకు పోర్ట్ ఛానల్ (లింకుల కట్ట) 11, వీపీసీ 11. మాడ్యూల్ 2 నాలుగింటికి పోర్ట్ ఛానల్ 12, వీపీసీ 12. ఎనిమిదింటినీ ఒకే పోర్ట్ ఛానల్‌లో వేయకండి, రెండు మాడ్యూళ్ళు ఎల్ఏసీపీలో రెండు వేర్వేరు పరికరాలుగా పలుకుతాయి, ఒక సగం నిలిచిపోతుంది. ఛానల్ మోడ్ ‘యాక్టివ్’ అని ఉండాలి, ‘ఆన్’ అని కాదు. ‘ఆన్’ అంటే అవతల ఎవరున్నారో అడగకుండా నమ్మడం. ఎల్ఏసీపీ రెండు చివరలూ ఒకరినొకరు పలకరించుకునేలా చేస్తుంది, కేబుల్ తప్పు రంధ్రంలో పెట్టినా, అవతలి పరికరం మెదడు మొద్దుబారి దీపం మాత్రం వెలుగుతున్నా అదే బయటపెడుతుంది. నిదానపు టైమర్‌లో ఆ పలకరింపు 30 సెకన్లకొకసారి, మూడు తప్పితే అంటే 90 సెకన్లకు లింకును తీసేస్తుంది. వేగపు టైమర్‌లో సెకనుకొకసారి, 3 సెకన్లలో తేలిపోతుంది. రెండువైపులా ఏ టైమర్ ఉందో చూసుకోండి.

ఆ పోర్ట్ ఛానళ్ళ మీద ‘స్పానింగ్-ట్రీ పోర్ట్ టైప్ ఎడ్జ్ ట్రంక్’ పెట్టడం మరవకండి. వర్చువల్ కనెక్ట్ బీపీడీయూలు (స్పానింగ్ ట్రీ సందేశాలు) పంపదు కాబట్టి నెక్సస్‌కు త్వరగా ఒప్పందం కుదిరే అవకాశం లేదు, ఎడ్జ్ (అవతల స్విచ్ లేని అంచు పోర్టు) అని చెప్పకపోతే లింక్ వచ్చిన ప్రతిసారీ రెండు 15 సెకన్ల దశలు, అంటే 30 సెకన్లు ఆగుతుంది. దీపం వెలిగింది కదా అని ఈఎస్ఎక్స్ఐ ఆ నిక్ మీదికి తిరిగొస్తే ఆ 30 సెకన్లూ నష్టమే. బీపీడీయూ గార్డ్ కూడా పెట్టవచ్చు, పెట్టండి. 5548లో ఒక్కో పోర్టు చిప్ ఎనిమిది పోర్టులను చూసుకుంటుంది, కాబట్టి ఒకే స్విచ్‌కు వెళ్ళే రెండు లింకులను 1, 2 పోర్టులలో కాకుండా 1, 9 పోర్టులలో పెట్టడం మంచిది. దానికి ఖర్చేమీ లేదు.

బ్లేడ్ వైపు సంగతి. మాడ్యూళ్ళు కింది పోర్టులకు ఎల్ఏసీపీ ఇవ్వవు కాబట్టి ఈఎస్ఎక్స్ఐలో భారం పంచే పద్ధతిగా ‘ఐపీ హ్యాష్’ ఎంచుకోకండి. అది అవతల రెండు పోర్టులూ ఒకే కట్టగా ఉన్నాయనుకుని పని చేస్తుంది, ఇక్కడ లేవు, ఒకే మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ పోర్టు గుర్తింపు సంఖ్య) రెండు దారుల్లో గంతులేస్తుంది. డిఫాల్ట్‌గా ఉండే ‘ఒరిజినేటింగ్ వర్చువల్ పోర్ట్ ఐడీ’ పద్ధతే సరైనది. ఒక్కో వర్చువల్ మెషీన్ ఒక్కో నిక్‌కు అంటిపెట్టుకుంటుంది, మెషీన్లు ఎక్కువున్నప్పుడు భారం దానంతట అదే పంచుకుంటుంది. బీకన్ ప్రోబింగ్ (నిక్‌లు ఒకదానికొకటి పరీక్షా ప్యాకెట్లు పంపుకోవడం) పెడితే స్మార్ట్ లింక్ అక్కరలేదు కదా అని కొందరు అంటారు. రెండే నిక్‌లున్నప్పుడు బీకన్ రాలేదంటే తప్పు ఎవరిదో తేలదు, మూడో సాక్షి కావాలి, కనుక ‘లింక్ స్టేటస్ ఓన్లీ’ మీదే ఉంచండి. ‘నోటిఫై స్విచెస్’ ‘యెస్’ మీద ఉండాలి, మెషీన్ పక్క మారిన సంగతి పై స్విచ్‌లకు దానివల్లే తెలుస్తుంది. వీమోషన్ (నడుస్తున్న మెషీన్‌ను ఒక హోస్టు నుంచి ఇంకోదానికి మార్చడం) విషయంలో మాత్రం ఒక చిన్న చిట్కా. అన్ని హోస్టుల మీదా దానికి మొదటి నిక్‌ను యాక్టివ్‌గా, రెండోదాన్ని స్టాండ్‌బైగా పెట్టండి. అప్పుడు ఆ పెద్ద ట్రాఫిక్ మాడ్యూల్ 1 లోపలే తిరుగుతుంది, సగం హోస్టులు ఎ మీద, సగం బి మీద ఉంటే అదంతా నెక్సస్ దాకా వెళ్ళి తిరిగిరావాలి.

బే 3, బే 4లలోని ఫైబర్ ఛానల్‌కు మాత్రం పైన చెప్పిన పంపకం వర్తించదు. అక్కడ బే 3 పూర్తిగా ఎ ఫాబ్రిక్‌కు (ఒక స్టోరేజీ నెట్‌వర్క్‌కు), బే 4 పూర్తిగా బి ఫాబ్రిక్‌కు వెళ్ళాలి, రెండూ ఎక్కడా కలవకూడదు. ఒక దారి పోతే రెండోదానికి మారడాన్ని హోస్టు మీది మల్టీపాథింగ్ చూసుకుంటుంది. ఈథర్‌నెట్ కేబుళ్ళు పంచిన ఊపులో వీటినీ పంచేసిన సందర్భాలు ఉన్నాయి, జాగ్రత్త.

సామర్థ్యం లెక్క ఒకసారి చూసుకోండి. ఒక్కో మాడ్యూలుకు కిందినుంచి 16 బ్లేడ్లవి 160 గిగాబిట్లు, పైకి 40, అంటే నాలుగుకు ఒకటి. మామూలు వర్చువల్ మెషీన్లకు ఇది చాలు. అయితే ఒక మాడ్యూలు పోయినరోజు ఆ 40 మీదే మొత్తం భారం పడుతుంది, కాబట్టి మామూలు రోజుల్లో ఏ వైపైనా రద్దీవేళ 20 దాటుతుంటే మీ రెండో వైపు పేరుకే ఉన్నట్టు. ఎల్ఏసీపీ కట్టలో ఒక్కో సంభాషణ ఒక్కో లింకునే పట్టుకుంటుంది కాబట్టి, బ్యాకప్ సర్వర్ వంటి ఒక్క పెద్ద ప్రవాహం 10 గిగాబిట్లు దాటదు, లింకులు పెంచినా పెరగదు.

ఒక విషయం ఒప్పుకోవాలి. బ్లేడ్ మీది రెండు నిక్ పోర్టులూ ఒకే కార్డు మీదివి. ఆ కార్డు పోతే రెండూ పోతాయి. మీ మెజనైన్ స్లాటు (బ్లేడ్‌లో అదనపు కార్డు పెట్టే చోటు) ఫైబర్ ఛానల్‌కు వెళ్ళింది కాబట్టి నేనైతే దాన్ని అలాగే వదిలేస్తాను, ఒక బ్లేడ్ పోతే దానిమీది మెషీన్లను వేరే బ్లేడ్ల మీద మళ్ళీ లేపే పని వీస్ఫియర్ హెచ్ఏ చూసుకుంటుంది.

అంతా కట్టాక, ఉత్పత్తి మెషీన్లు ఎక్కించకముందే ఒక సాయంత్రం పరీక్షకు కేటాయించండి. ప్రతి బ్లేడ్ మీదా ప్రతి వీలాన్‌లో ఒక చిన్న పరీక్షా మెషీన్ పెట్టి, బయటినుంచి ఎడతెగని పింగ్ నడపండి. ముందుగా వర్చువల్ కనెక్ట్ తెరలో ఒక మాడ్యూలు నాలుగు పోర్టులూ ‘లింక్డ్-యాక్టివ్’ అని, నాలుగింటికీ ఒకే ల్యాగ్ (లింకుల కట్ట) సంఖ్య ఉందని చూడండి. సంఖ్యలు రెండుంటే ఎక్కడో కేబులో వీపీసీయో తప్పింది. నెక్సస్‌లో ‘షో పోర్ట్-ఛానల్ సమ్మరీ’ కొడితే ప్రతి సభ్య పోర్టు పక్కనా ‘పి’ అక్షరం ఉండాలి, ‘ఎస్’ ఉంటే అది నిలిపివేయబడింది, ‘ఐ’ ఉంటే అవతల ఎల్ఏసీపీ పలకడం లేదు. తర్వాత ఒక కేబుల్ లాగండి. తర్వాత ఒక మాడ్యూలు నాలుగూ లాగి, ఈఎస్ఎక్స్ఐలో మొదటి నిక్ నిజంగా ‘డౌన్’ అయిందో లేదో కళ్ళతో చూడండి, పింగ్ ఆగకపోయినా సరే ఇది చూడండి. తర్వాత మాడ్యూల్‌నే బయటికి తీయండి, ఒక నెక్సస్‌ను రీలోడ్ చేయండి, పీర్ లింక్ తెంచండి, అదే పని రెండో వైపు నుంచి మళ్ళీ చేయండి.

ప్రతి దశలో పోయినప్పుడు కన్నా తిరిగి వచ్చినప్పుడు పింగ్‌ను ఎక్కువ శ్రద్ధగా చూడండి. పోయేటప్పుడు ఒకటి రెండు పింగ్‌లు పోవడం మామూలే, కానీ స్విచ్ తిరిగొచ్చేటప్పుడు పోర్టుల దీపాలు ముందు వెలిగి, పైవైపు దారులు తర్వాత సిద్ధమవుతాయి, ఆ మధ్యలో నష్టం నిమిషం దాకా సాగవచ్చు. నెక్సస్‌లో వీపీసీ ‘డిలే రిస్టోర్’ (స్విచ్ తిరిగొచ్చాక వీపీసీ పోర్టులను తెరిచేముందు ఆగే సమయం) విలువ పెంచితే ఆ నష్టం తగ్గుతుంది. మీ ఫలితాల్లో ఏ దశలో ఎన్ని పింగ్‌లు పోయాయో, మూడు ఫర్మ్‌వేర్ వెర్షన్లు ఏమిటో ఇక్కడే రాయండి, తేడా ఉంటే చూద్దాం.